ముందే చెప్పే ఇనుము

షెడ్డు కట్టించుకోవడానికి వచ్చిన పార్టీ ఎవరైనా మొట్టమొదట అడిగేది ఒక్కటే: "గట్టి ఇనుమే వేస్తారు కదా మేస్త్రిగారూ?" నేను చెప్పే జవాబూ ఒక్కటే. "గట్టిది కాదండీ, మెత్తదే వేస్తాను. మెత్తది కాబట్టే ఆ షెడ్డు కింద మీ మనుషులు ధైర్యంగా తిరగ్గలుగుతారు." చాలామంది ముఖాల్లో అనుమానం కనబడుతుంది. ఇనుము మెత్తగా ఉండడమేమిటి, ఆ మాట చెప్పి తక్కువ రకం అంటగడుతున్నాడేమో అని. గాజువాక ఆటోనగర్‌లో నా బతుకంతా ఎమ్మెస్‌ని కొయ్యడం, వంచడం, అతకడంతోనే గడిచింది. ఇంతకాలం నాకూ మా కుర్రాళ్ళకీ అన్నం పెట్టిన ఆ మెత్తదనం గురించి నాలుగు మాటలు వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎమ్మెస్ అంటే మైల్డ్ స్టీల్. ఇనుములో కార్బన్ పావు శాతం లోపే ఉన్న ఉక్కు. మన దేశంలో దీనికి ఐఎస్ 2062 అనే ప్రమాణం ఉంది. మేము రోజూ వాడే ‘ఈ-250 ఏ’ గ్రేడులో కార్బన్ 0.23 శాతం దాటకూడదు. గంధకం, భాస్వరం ఒక్కొక్కటీ 0.045 శాతం లోపే ఉండాలి. చూడ్డానికి ఇవి లెక్కలోకి రాని అంకెల్లా ఉంటాయి గానీ ఇనుము గుణమంతా వీటిలోనే ఉంది. గంధకం ఎక్కువైతే ఎర్రగా కాల్చి కొట్టేటప్పుడు పగుళ్ళిస్తుంది. భాస్వరం ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు దెబ్బకి చిట్లుతుంది. 1856లో ఇంగ్లండులో బెస్సెమర్ అనే ఆయన కరిగిన ముడి ఇనుములోకి గాలి ఊది నిమిషాల మీద ఉక్కు తీసే పద్ధతి కనిపెట్టినా, మొదట్లో ఆ ఉక్కు చాలాచోట్ల పెళుసుగానే వచ్చింది. కారణాల్లో ఈ రెండూ ముఖ్యం. మాంగనీసు కలిపితే గంధకం బెడద తగ్గుతుందని మషెట్ అనే ఆయన చూపించాడు. భాస్వరాన్ని లాగేసే కొలిమి గోడ 1870ల చివర్లో థామస్, గిల్‌క్రిస్ట్ అనే ఇద్దరు బంధువుల చేతుల్లో తయారైంది. ఆ తరవాతే ఈ మెత్తటి ఉక్కు చవకై, వంతెనల్లోకీ ఓడల్లోకీ దిగింది. ఇవాళ నా షాపు ముందు వానలో తడుస్తూ పడి ఉన్న చానల్ వెనక అంత కష్టం ఉంది.

కార్బన్ పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన తెలుగువాళ్ళు దూరం వెళ్ళక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం ప్రాంతంలో ఉండేది. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. కత్తికి అది అద్భుతమైన లోహం. అదే లోహంతో గోడౌన్ ట్రస్సు చెయ్యమంటే మాత్రం నేను చెయ్యను. ఊళ్ళో కమ్మరి కూడా కొడవలికి ఎమ్మెస్ పట్టీ తీసుకోడు, లారీ కమాను పట్టీ ముక్క వెతుక్కుంటాడు. అందులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది, ఎర్రగా కాల్చి ముంచితే పదునెక్కుతుంది. ఎమ్మెస్ ముక్కని ఎంత ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా ఆకురాయి దాన్ని కొరుకుతూనే ఉంటుంది. పదును పట్టకపోవడం కొడవలికి లోపం. మాకు అదే వరం. వెల్డింగ్ చేసిన చోటు ఎర్రబడి, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వేడి లాగేసుకుని గబగబా చల్లబడుతుంది. అంటే అది కూడా ఒకరకంగా నీళ్ళలో ముంచడమే. కార్బన్ ఎక్కువున్న ఉక్కయితే ఆ అతుకు పక్కన గాజులా గట్టిపడి చిట్లుతుంది. ఎమ్మెస్ గట్టిపడదు, అందుకే అతుకుతుంది. ప్రపంచంలో ఇంత వెల్డింగ్ జరుగుతోందంటే ఈ ఒక్క గుణం వల్లే.

కొత్తగా చేరిన కుర్రాడికి నేను మొదట నేర్పేది రాడ్డు పట్టుకోవడం కాదు, నిప్పురవ్వ చూడ్డం. స్క్రాపులోంచి తెచ్చిన ముక్క ఏ జాతిదో చూపుతో చెప్పలేం. గ్రైండింగ్ వీలుకి ఆనించాలి. ఎమ్మెస్ అయితే రవ్వ పొడుగ్గా, లేత పసుపు తీగలుగా సాగుతుంది. చివర్లో అక్కడక్కడా ఒకటో రెండో చీలికలుంటాయి. కమాను పట్టీ అయితే తీగ మధ్యలోనే బోలెడు చిన్న చిన్న పువ్వులు విచ్చుకుంటాయి. పోత ఇనుము రవ్వ పొట్టిగా, ఎర్రగా, బద్ధకంగా రాలుతుంది. వెనకాల నల్లగుడ్డ కట్టి, నీడలో చూస్తే పది రోజుల్లో ఎవరికైనా కన్ను కుదురుతుంది. ఇది కుదరకుండా ఎవరైనా ముక్కని తెచ్చి అతికితే, ఎక్కడో ఒకచోట అతుకు పక్కన సన్నటి వెంట్రుకలా పగులు వచ్చి తీరుతుంది.

ఇక మెత్తదనం సంగతి. దీన్ని కళ్ళారా చూడాలంటే పాలిటెక్నిక్ కాలేజీలోనో టెస్టింగ్ ల్యాబులోనో కడ్డీని లాగి తెంపే మెషీను దగ్గర నిలబడాలి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు రికార్డులో గ్రాఫు గీసుకుని వెళ్ళిపోతారు గానీ, ఒక్కసారి నిదానంగా చూడండి. 12 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ తీసుకుని, మధ్యలో 60 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుర్తులు కొట్టి, రెండు చివర్లూ బిగిస్తారు. లాగుడు మొదలయ్యాక ముల్లు సాఫీగా ఎక్కుతుంది. దాదాపు 2.8 టన్నుల దాకా కడ్డీ సాగేది వెంట్రుక మందమంతే. అక్కడితో వదిలేస్తే మళ్ళీ పాత పొడవుకి వచ్చేస్తుంది. ఆ హద్దు దాటగానే ముల్లు ఆగుతుంది, కాస్త వెనక్కి కూడా జారుతుంది. మెషీను లాగుతూనే ఉంటుంది, కడ్డీ సాగుతూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. ఆ సమయంలో కడ్డీ మీద చెయ్యి పెడితే లోపల ఏదో సర్దుకుంటున్నట్టుంటుంది. మిగతా ఉక్కుల్లో ఇంత స్పష్టంగా కనపడని ఘట్టం ఇది. ఇంజనీర్లు దీన్ని ఈల్డు అంటారు, మేము లొంగడం అంటాం. లొంగిన తరవాత ఎమ్మెస్ మళ్ళీ బలం పుంజుకుంటుంది. 4.7 టన్నుల దరిదాపుల్లో ఒకచోట నడుము సన్నబడుతుంది, ఆ సన్నబడ్డ చోటు చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ తరవాతే ఠాప్‌మని తెగుతుంది. తెగిన రెండు ముక్కల్ని కలిపి పెట్టి గుర్తుల మధ్య కొలిస్తే, 60 ఉన్నది 74 దాకా పెరిగి ఉంటుంది. ప్రమాణం అడిగేది అదే, కనీసం 23 శాతం సాగాలి. తెగిన చోట ఒక ముక్క గిన్నెలా, రెండోది దాని మీద బోర్లించే మూతలా ఉంటుంది.

లొంగే బరువుకీ తెగే బరువుకీ మధ్య ఉన్న ఆ రెండు టన్నులూ, ఆ సాగిన పద్నాలుగు మిల్లీమీటర్లూ మన ప్రాణాలకి హామీ. డిజైను చేసేవాళ్ళు లొంగే హద్దుకి చాలా కిందనే పని కానిస్తారు. తుఫాను గాలికో, ఎవరో లెక్క లేకుండా ఎక్కించిన బరువుకో ఆ హద్దు దాటితే బీమ్ వంగుతుంది, తలుపులు పట్టేస్తాయి, రేకులు చప్పుడు చేస్తాయి, మనుషులు బయటికి పరుగెత్తుతారు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరులో మా విశాఖని కుదిపేసినప్పుడు ఆటోనగర్‌లో ఎన్నో షెడ్లు మెలితిరిగిపోయాయి. మెలితిరిగిన స్తంభాలు నేను చాలా చూశాను. గాజులా రెండు ముక్కలైన ఎమ్మెస్ స్తంభం మాత్రం ఒక్కటీ చూడలేదు.

నాకు ఇదంతా నేర్పినాయన శ్రీకాకుళం పక్క నుంచి వచ్చిన పాతకాలం ఫిట్టరు. చదివింది ఐదో తరగతి. ఒకసారి రిపేరుకి ఒక లిఫ్టింగ్ బీమ్ వచ్చింది. క్రేను కొక్కేనికి తగిలించి, కింద రెండు వైపులా గొలుసులు వేసి యంత్రాలు ఎత్తే బీమ్ అది. దాని రెండు చివర్లూ ఒక పది మిల్లీమీటర్లు కిందికి దిగిపోయాయి. తెచ్చినవాళ్ళు జాకీ పెట్టి సరిచేసి ఇచ్చేయమన్నారు. మా గురువుగారు బీమ్ పక్కన చతికిలబడి, బ్రష్షుతో ధూళి దులిపి, నన్ను పిలిచి చూపించారు. మిల్లులో రోలింగ్ అయినప్పుడు ఇనుము మీద నీలినలుపు పొలుసు ఒకటి అంటుకుని వస్తుంది, మిల్ స్కేల్ అంటాం. ఆ బీమ్ పై పట్టీ మీద ఆ పొలుసు ఏటవాలు గీతలుగా రాలిపోయి, లోపలి బూడిదరంగు ఇనుము బయటపడి ఉంది. "చూసినావా బాబూ, పైన పొలుసు సాగదు, కింద ఇనుము సాగింది. అందుకే రాలిపోయింది. ఇది లొంగిపోయిందిరా" అన్నారు. ఆ గీతలు బీమ్ పొడవుకి ఇంచుమించు 45 డిగ్రీల వాలులో ఉన్నాయి. లోహం జారేది ఆ వాలులోనే. తరవాత్తరవాత పెద్ద ల్యాబుల్లో ఉక్కు చట్రాలని పరీక్షించేటప్పుడు వాటికి సున్నం పూసి, ఏ చోట సున్నం రాలితే ఆ చోటు లొంగినట్టు గుర్తుపడతారని ఒక ఇంజనీరుగారు చెప్పినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. ఆ బీమ్‌ని ఆయన సరిచెయ్యలేదు. ఎవరెంత చెప్పినా వినకుండా గ్యాసుతో రెండు ముక్కలు చేసి స్క్రాపులో పడేయించారు. ఒకసారి లొంగిన లిఫ్టింగ్ బీమ్‌ని సరిచేసి మనిషి నెత్తి మీద వేలాడదీయకూడదన్నది ఆయన నియమం. మా షాపులో ఇప్పటికీ అదే నియమం.

ఈ మెత్తదనానికి ఒక శత్రువుంది, అది చలి. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ, అలల్లేని నీళ్ళలో రేవుకి కట్టి ఉండగానే పెద్ద చప్పుడుతో దాదాపు రెండుగా విరిగింది. యుద్ధకాలంలో హడావుడిగా వెల్డింగ్‌తో కట్టిన లిబర్టీ అనే సరుకు ఓడలు చాలావాటికీ ఇలాంటి పగుళ్ళే వచ్చాయి. అందరూ వెల్డర్లని తిట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ పరిశోధించి, ఆ ఉక్కు ఒక ఉష్ణోగ్రతకి కిందికి పోతే సాగే గుణం కోల్పోయి పెళుసుగా మారుతోందని తేల్చింది. వెల్డింగ్ వల్ల ఓడంతా ఒకే ముక్కయింది కాబట్టి, ఒకచోట మొదలైన పగులుకి అడ్డు లేకపోయింది. ఇవాళ ఐఎస్ 2062లో గ్రేడు పక్కన బీఆర్, బీ0, సీ అన్న అక్షరాలు కనిపించేది ఇందుకే. బీఆర్‌కి అడిగితే గది వేడిలో, బీ0కి సున్నా డిగ్రీల్లో, సీకి మైనస్ 20లో దెబ్బ కొట్టి 27 జౌల్స్ తట్టుకుంటుందో లేదో చూస్తారు. విశాఖ ఎండకి ‘ఏ’ గ్రేడు చాలు. కొండల్లో మంచు కురిసే చోటికి వెళ్ళే నిర్మాణానికి అది చాలదు.

బలం అడిగేవాళ్ళకి చెప్పాల్సింది ఇంకొకటుంది, దీన్ని ఇంజనీర్లు కూడా ఒక్కోసారి పార్టీకి విడమరిచి చెప్పరు. గోడౌన్‌లో పై అంతస్తు వేయించుకున్న ఒకాయన, నడుస్తుంటే ఊగుతోందని గోల పెట్టాడు. "ఇంతకంటే మంచి గ్రేడు స్టీలు మార్చెయ్యండి, ఎంతైనా ఇస్తాను" అన్నాడు. మార్చినా ఊగుతుంది. లొంగే హద్దు గ్రేడుని బట్టి మారుతుంది గానీ, హద్దులోపల వంగే తీరు అన్ని ఉక్కులకీ ఇంచుమించు ఒక్కటే. ఎమ్మెస్ అయినా, దానికి రెట్టింపు బలమున్న ఉక్కయినా అదే బరువుకి అంతే వంగుతుంది. ఊగుడు తగ్గాలంటే కావలసింది లోతు. 150 మిల్లీమీటర్ల లోతున్న బీమ్ మీటరుకి 15 కిలోలు తూగుతుంది, 200 బీమ్ 25 కిలోలు. బరువు రెట్టింపు కూడా కాలేదు, బిగువు మాత్రం మూడు రెట్లు. అందుకని ఆయనకి గ్రేడు మార్చలేదు. అదే ఎమ్మెస్‌లో లోతైన బీమ్ మధ్యలో అదనంగా వేయించాను. ఊగుడు ఆగింది.

గ్యాస్ కటింగ్ గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది, మంట ఇనుముని కరిగిస్తుందని. మంట పని ఇనుముని ఎర్రగా కాల్చడం వరకే. దాదాపు 900 డిగ్రీలకి వచ్చాక మీట నొక్కితే వెళ్ళే ఆక్సిజన్ ఆ ఇనుమునే మండిస్తుంది. మండి వచ్చిన ఆక్సైడు ఇనుము కంటే తక్కువ వేడికే కరిగి కిందికి కారిపోతుంది. అందుకే ఎమ్మెస్ అంత నున్నగా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఇలా తెగదు. దాని మీద పుట్టే క్రోమియం ఆక్సైడు కరగకుండా అడ్డం పడుతుంది. మంచి కట్టరు కోసిన అంచుని చూస్తే నిలువు గీతలు సమానంగా, కొద్దిగా వెనక్కి వాలి ఉంటాయి, కింద అంచుకి అంటుకున్న మడ్డి చిప్పింగ్ సుత్తితో ఒక్క దెబ్బకి ఊడొస్తుంది.

ఆ కటింగ్‌లోనే ప్లేటు రహస్యం కూడా బయటపడుతుంది. ఒక పార్టీ తనే మెటీరియల్ తెచ్చిచ్చాడు, టెస్ట్ సర్టిఫికెట్ లేదు, ధర మాత్రం మార్కెట్ కంటే బాగా తక్కువ. 16 మిల్లీమీటర్ల ప్లేటు. కోస్తుంటే మధ్యమధ్యలో మంట తడబడి, రవ్వలు కిందికి పోకుండా పైకి ఎగజిమ్మాయి. ఆపి, అంచు గ్రైండ్ చేసి చూస్తే మధ్య మందంలో సన్నటి నల్లగీత. ఉలి పెట్టి కొడితే తాపేశ్వరం మడత కాజాలా పొర విడిపోయింది. పోత పోసేటప్పుడు చేరిన మడ్డిని రోలింగ్‌లో అణిచేస్తే పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల రెండు పలకలుగా ఉండిపోతుంది. ఆ ప్లేటు మీద నిలువుగా ఏదైనా అతికి లాగితే మొదటి బరువుకే పొర లేస్తుంది. ఆయన ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది గానీ, ఆ ప్లేటు బేస్ ప్లేటుగా పోలేదు. ఏ పోతలోంచి వచ్చిందో చెప్పే హీట్ నంబరు సర్టిఫికెట్ మీదున్నదీ, ప్లేటు మీద పంచ్‌తో కొట్టినదీ ఒక్కటేనా అని అప్పట్నుంచి ప్రతి ప్లేటుకీ చూస్తాం.

వెల్డింగ్ సంగతి రాయాలంటే అదొక పుస్తకం. ఎమ్మెస్ సన్నపనికి 6013 రాడ్డు చాలు. వెలిగించడం తేలిక, మడ్డి తేలిగ్గా ఊడుతుంది. మందపాటి ప్లేటుకీ, క్రేను గర్డరుకీ 7018 కావాలి. ఆ రాడ్డు మీది పూత చెమ్మ పీల్చుకుంటే అతుకులోకి హైడ్రోజన్ పోయి, పని అయిపోయిన గంటల తరవాత కూడా పగులు తెస్తుంది. మా ఊరి గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఎక్కువ కాబట్టి ఓవెన్‌లో వేడిచేసి, వెచ్చగా ఉండగానే వాడాలి. అతికినప్పుడల్లా ఇనుము చల్లబడుతూ తనవైపు లాక్కుంటుంది, నిటారుగా పెట్టిన ప్లేటు వాలిపోతుంది. ముందే దానికి ఎదురువైపు రెండు మూడు మిల్లీమీటర్లు వాల్చి ట్యాకింగ్ వేసుకోవడం, ఒకవైపు కొంత, రెండోవైపు కొంత మార్చి మార్చి అతకడం అనుభవం మీద వస్తాయి. అప్పటికీ వంగితే, ఉబ్బిన వైపు టార్చితో మూడు కోణాల ఆకారంలో చీకటి ఎరుపు వచ్చేదాకా కాల్చి వదిలేస్తాం. చల్లారేటప్పుడు అదే లాగి సరిచేసుకుంటుంది. ఎమ్మెస్ కాబట్టే ఈ విద్య పనిచేస్తుంది. ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు ఎంతోమంది ఇలాంటి షాపుల్లో ఎమ్మెస్ ప్లేట్ల మీద చెయ్యి తిప్పుకునే గల్ఫ్ దేశాల్లో పైపు వెల్డర్లుగా వెళ్ళారు.

ఈ ఇనుము ఎక్కడెక్కడ ఉందో చెప్పడం కంటే ఎక్కడ లేదో చెప్పడం సులువు. మీ వంటింట్లో 14.2 కిలోల గ్యాస్ బండని చూడండి. తక్కువ కార్బన్ ఉక్కు రేకుని రెండు లోతు గిన్నెలుగా ఒత్తి, నడుము దగ్గర చుట్టూ అతికినది. అంత లోతుగా ఒత్తినా చిరగకపోవడం మెత్తదనం వల్లే. పొలంలో ట్రాక్టరు దమ్ము చక్రాలు, ట్రాలీ తొట్టి, బోరు కేసింగు, హై టెన్షన్ లైను టవరు యాంగిళ్ళు, రైలు వ్యాగన్లు, నూనె ట్యాంకులు, ఓడలు. మా విశాఖలో 1948లో నెహ్రూగారు నీళ్ళలోకి వదిలిన జల ఉష ఓడ నుంచీ ఇక్కడి షిప్‌యార్డు మేసిందంతా ప్రధానంగా ఈ జాతి ప్లేటునే. ఓడల ప్లేటులో మామూలు ‘ఏ’ గ్రేడు లొంగే హద్దు 235 మెగాపాస్కల్స్, మా ‘ఈ-250’కి ఇంచుమించు అక్కచెల్లెలు. యాంగిళ్ళు, చానళ్ళు మాకు కూతవేటు దూరంలో స్టీల్ ప్లాంటులోనే దొరుకుతాయి. ఆ ప్లాంటు కోసం జరిగిన ఉద్యమంలో 1966లో తెలుగునేల మీద ముప్పై రెండు మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి 1990లో వెలిగింది. బైలదిలా ఖనిజం, జగ్గయ్యపేట సున్నపురాయి, మాదారం డోలమైటు కలిసి అక్కడ యాంగిలవుతూ వచ్చాయి. దాన్ని కొలిచి గీత గీసేటప్పుడు నాకెప్పుడూ అది ఊరికే వచ్చిన సరుకనిపించదు.

ఇంత మంచి ఇనుముకి తీరని జబ్బు తుప్పు. సముద్రం ఒడ్డున ఉండి ఈ వృత్తి చేసేవాడికి సగం యుద్ధం దానితోనే. పార్టీలు చేసే అతిపెద్ద పొరపాటు, కొత్త ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది కదా అని ఆ మిల్ స్కేల్ మీదే రెడాక్సైడు కొట్టించెయ్యడం. ఆ పొలుసు ఇనుముకి కవచమనుకుంటారు. నిజానికి అది పగిలిన చోట చెమ్మ చేరితే, పొలుసుకీ ఇనుముకీ మధ్య బ్యాటరీలాంటి వ్యవహారం మొదలై, తినబడేది ఇనుమే అవుతుంది. అదీ బెజ్జాలు బెజ్జాలుగా. ఏడాది తిరిగేసరికి పెయింటు బుడగలెత్తి పెచ్చులుగా ఊడుతుంది. పెయింటు కంపెనీనీ పెయింటర్నీ తిట్టుకుంటారు. పొలుసు పూర్తిగా పోవాలంటే బ్లాస్టింగ్ చేయించాలి. అది కుదరకపోతే కనీసం వీలుతో రుద్ది, ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, ఆరగానే ఆ పూటే ప్రైమరు వెయ్యాలి. రాత్రి వదిలేస్తే పొద్దున్నకి మా గాలికి లేత నారింజ రంగు పూత వచ్చేస్తుంది. కుదిరినవాళ్ళకి నేను గాల్వనైజింగే చెబుతాను. 450 డిగ్రీల వేడి మీద కరిగిన జింకులో ముంచి తీస్తే, మందపాటి ఇనుము మీద 85 మైక్రాన్ల దాకా పూత పడుతుంది. ఎక్కడైనా గీత పడినా జింకే ముందు కరిగిపోయి ఇనుముని కాపాడుతుంది. ఒక్క జాగ్రత్త: రెండు చివర్లూ మూసేసిన పైపుని బెజ్జం పెట్టకుండా ఆ తొట్టిలోకి పంపకూడదు. లోపలి గాలీ చెమ్మా వేడెక్కి పైపు పేలుతుంది, కరిగిన జింకు మనుషుల మీద చిమ్ముతుంది. మా షాపు నుంచి వెళ్ళే ప్రతి చట్రానికీ బెజ్జాలు నేనే చూసుకుంటాను. ఆ పని ఇంకొకరికి అప్పగించను.

మంటకి కూడా ఇది లొంగుతుంది. 550 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి బలం దాదాపు సగం పోతుంది, గోడౌన్ అగ్నిప్రమాదంలో అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఎండకీ సాగుతుంది. పది మీటర్ల బీమ్ 30 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక చివర బోల్టు బెజ్జాన్ని పొడుగ్గా కోసేది ఆ మూడున్నర కోసమే. దాన్ని చూసి బెజ్జం తప్పు కోశారని అనుకోకండి.

ఇక మీకు, అంటే గేటో షెడ్డో ట్యాంకు స్టాండో చేయించుకునేవాళ్ళకి, నా విన్నపం ఒకటుంది. ఇనుముని అడుగుల్లో, నగల్లో కొనకండి, కిలోల్లో కొనండి. లెక్క ఎవరికైనా వస్తుంది. ఒక చదరపు మీటరు ప్లేటు ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగాలి. ఎనిమిదడుగులకి నాలుగడుగుల 6 మిల్లీమీటర్ల ప్లేటు 140 కిలోలుండాలి. గుండ్రటి కడ్డీ అయితే మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది, 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరు 890 గ్రాములు. రెండంగుళాల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల గోడదని అమ్మితే ఆరు మీటర్ల నగ 18 కిలోలకి దగ్గరగా తూగాలి. పద్నాలుగున్నర తూగిందంటే మీకిచ్చింది 1.6 గోడది. ఉప్పుగాలికి ముందు తినబడేది ఆ సన్నటి గోడే. ప్లేటుకి టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, ఇవ్వలేనని ఎవరైనా అంటే అక్కడ కొనకండి. పెయింటు వేసే ముందు పొలుసు తీశారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. ఇవన్నీ అడిగే పార్టీ వస్తే మంచి షాపువాడు విసుక్కోడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి తూకం చూపిస్తాడు.